పోలీసు వ్యూహ శిక్షణా సదస్సు

పోలీసు వ్యూహ శిక్షణా సదస్సు అనగా ఆయుధం ధరించి విధులు నిర్వర్తించే పోలీసులు, వారికి శిక్షణనిచ్చే బోధకులు ఏడాదికొకసారి ఒకచోట చేరి, జరిగిపోయిన కాల్పుల సంఘటనలను సమీక్షించుకొని, కొత్త పద్ధతులను తెలుసుకొని, ఫైరింగ్ రేంజిలో తుపాకీ తరగతులకు హాజరయ్యే సమావేశం. ఇది ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పుట్టి పెరిగిన సంప్రదాయం. ఆ దేశంలో పోలీసు వ్యవస్థ ఒకే గొడుగు క్రింద లేదు. నగరానికొకటి, కౌంటీకొకటి, రాష్ట్రానికొకటి, కొన్ని పాఠశాలలకూ విశ్వవిద్యాలయాలకూ విడివిడిగా కలిపి సుమారు 18,000 పోలీసు విభాగాలు ఉన్నాయి. వీటిలో అనేకం పదిమందికి మించి సిబ్బంది లేని చిన్న విభాగాలు. అటువంటి విభాగానికి సొంత అకాడమీ గాని, అనుభవజ్ఞులైన బోధకులు గాని ఉండరు. ఆ లోటును తీర్చడానికే వృత్తి సంఘాలు, ప్రైవేటు శిక్షణ సంస్థలు ఈ సదస్సులను నిర్వహిస్తూ వచ్చాయి. భారతదేశంలో ఇటువంటి శిక్షణ ప్రధానంగా ప్రభుత్వ అకాడమీల చేతిలో ఉన్నది. హైదరాబాదుకు అందులో ముఖ్యమైన స్థానం ఉన్నది.

పుట్టుక

1966 ఆగస్టు 1న టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో ఒక మాజీ సైనికుడు విశ్వవిద్యాలయ గోపురం పైకెక్కి గంటన్నరకు పైగా క్రిందనున్న వారిపై రైఫిలుతో కాల్పులు జరిపాడు. క్రింద ఉన్న పోలీసుల వద్ద రివాల్వర్లు, షాట్‌గన్‌లు మాత్రమే ఉండేవి. అవి అంత ఎత్తుకు పనికిరాలేదు. చివరకు కొద్దిమంది పోలీసులు, ఒక పౌరునితో కలిసి, ముందుగా వేసుకున్న ప్రణాళిక ఏదీ లేకుండానే గోపురం ఎక్కి అతనిని చంపారు. అంతకు ముందు సంవత్సరం లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ ప్రాంతంలో పెద్ద ఎత్తున అల్లర్లు జరిగి ఉన్నాయి. ఈ నేపథ్యంలో 1967లో లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ 'ప్రత్యేక ఆయుధాలు, వ్యూహాలు' అనే అర్థం వచ్చే స్వాట్ దళాన్ని ఏర్పాటు చేసింది. తరువాతి దశాబ్దంలో ఇతర నగరాలు కూడా ఇటువంటి దళాలను ఏర్పరచుకొన్నాయి. దళాలు ఏర్పడినంత వేగంగా వాటికి తగిన శిక్షణ ఏర్పడలేదు.

ఈ కొరతను గుర్తించి 1981లో పోలీసు తుపాకీ బోధకుల అంతర్జాతీయ సంఘం, 1983లో జాతీయ వ్యూహ అధికారుల సంఘం స్థాపించబడ్డాయి. రెండవదానిని స్థాపించిన జాన్ కోల్మన్ లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరీఫ్ శాఖలో పనిచేసినవాడు. ఈ రెండు సంఘాలూ ఏటేటా సదస్సులు జరుపుతూ వచ్చాయి. ఇల్లినాయిస్ మొదలైన పలు రాష్ట్రాలలో రాష్ట్ర స్థాయి సంఘాలు కూడా ఏర్పడ్డాయి.

పోలీసు సంఘాలకు బయట కూడా ఒక ధార ఉన్నది. సైన్యంలో పనిచేసిన జెఫ్ కూపర్ (1920–2006) 1976లో అరిజోనా రాష్ట్రంలోని పాల్డెన్ వద్ద ఒక పిస్తోలు పాఠశాలను ప్రారంభించాడు. తరువాత గన్‌సైట్ అన్న పేరుతో ప్రసిద్ధి చెందిన ఈ పాఠశాలలో పోలీసులూ పౌరులూ కూడా నేర్చుకొన్నారు. ఒంటి చేత్తో, నడుము దగ్గరి నుండి గురి చూడకుండా కాల్చే పాత పద్ధతికి బదులు, రెండు చేతులతో పట్టి, కంటి ఎత్తుకు తెచ్చి, గురి చూసి కాల్చే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చినవాడు కూపర్. ఈ భంగిమను మొదట పోటీలలో వాడినవాడు జాక్ వీవర్ అనే షెరీఫ్ ఉద్యోగి కనుక దానికి వీవర్ భంగిమ అని పేరు వచ్చింది.

సదస్సు జరిగే తీరు

సదస్సు సాధారణంగా మూడు నుండి ఆరు రోజులు జరుగుతుంది. ఒక పెద్ద హోటలులోనో సమావేశ మందిరంలోనో ఉపన్యాసాలు, సమీపంలోని పోలీసు రేంజిలో తుపాకీ తరగతులు ఉంటాయి. ప్రవేశానికి పోలీసు గుర్తింపు పత్రం చూపాలి. రుసుమును కొందరికి వారి విభాగం చెల్లిస్తుంది. చిన్న విభాగాల నుండి వచ్చేవారు సెలవు పెట్టుకొని, స్వంత ఖర్చుతో రావడం కూడా మామూలే. చాలా రాష్ట్రాలలో పోలీసులు తమ అర్హతను నిలుపుకోవడానికి నిర్ణీత గంటల శిక్షణ పొందవలసి ఉంటుంది కనుక సదస్సులో ఇచ్చే హాజరు ధ్రువపత్రానికి విలువ ఉన్నది.

మందిరంలో ఒక భాగం వ్యాపారులది. తూటా నిరోధక కవచాలు, టార్చిలైట్లు, పిస్తోలు ఒరలు, తలుపులు బ్రద్దలుకొట్టే సాధనాలు అమ్మే సంస్థలు బల్లలు వేసుకొని కూర్చుంటాయి. సదస్సు ఖర్చులో కొంత వీరి నుండే వస్తుంది. ఏ విభాగం ఏ పరికరం కొనాలో అక్కడే నిర్ణయమయ్యే సందర్భాలు ఉండడం వల్ల, శిక్షణకూ అమ్మకానికీ మధ్య గీత చెరిగిపోతున్నదన్న విమర్శ చాలా కాలంగా ఉన్నది.

సదస్సుకు ప్రాణం వంటిది సంఘటనా సమీక్ష. ఒక కాల్పుల సంఘటనలో స్వయంగా పాల్గొన్న అధికారి వేదికపైకి వచ్చి, పటం చూపుతూ, ఏ నిమిషంలో ఏమి జరిగినదీ, తమ దళం ఎక్కడ పొరబడినదీ వివరిస్తాడు. తోటివారిని పోగొట్టుకొన్నవారు వేదికపై మాట్లాడినపుడు మందిరం నిశ్శబ్దమైపోతుంది. పాఠ్యపుస్తకంలో లేని సంగతులు, ఉదాహరణకు రేడియోలో అందరూ ఒకేసారి మాట్లాడడం వల్ల ఎవరి మాటా వినబడకపోవడం, వచ్చిన వాహనాలన్నీ రోడ్డుకు అడ్డంగా నిలిచి అంబులెన్సుకు దారి లేకపోవడం వంటివి, ఈ సమీక్షలలోనే తెలుస్తాయి.

తుపాకీ తరగతి

తరగతి తుపాకీ పేల్చడంతో మొదలు కాదు. ఎవరికైనా తూటా తగిలితే ప్రథమ చికిత్స చేసేది ఎవరు, రక్తస్రావాన్ని ఆపే కట్టుపట్టీ ఎక్కడున్నది, ఏ వాహనంలో ఏ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి, ఆ రేంజి చిరునామాను ఫోనులో ఎలా చెప్పాలి అన్నవి ముందుగా అందరికీ చెబుతారు. తరువాత కూపర్ క్రోడీకరించిన నాలుగు భద్రతా సూత్రాలను వల్లె వేయిస్తారు. ఏ తుపాకీనైనా తూటా ఉన్నదిగానే భావించాలి. నాశనమైనా ఫరవాలేదని అనుకోని దేనివైపూ దాని గొట్టాన్ని తిప్పరాదు. గురి లక్ష్యంపై కుదిరే వరకు వేలు మీటపై పెట్టరాదు. లక్ష్యమేమిటో, దాని వెనుక ఏమున్నదో తెలియకుండా కాల్చరాదు. వీటిలో ఒకదానిని మరచినా రెండవది కాపాడుతుంది. ఒకేసారి రెండింటిని మరచినపుడే సాధారణంగా మనిషికి గాయమవుతుంది.

తొలి పాఠాలు ఖాళీ తుపాకీతో జరుగుతాయి. ఒరలో నుండి తీయడం, రెండు చేతులూ కలపడం, గురి చూడడం, మీటను నెమ్మదిగా వెనుకకు నొక్కడం అన్నవి వందలసార్లు చేయిస్తారు. తరువాత మూడు గజాల నుండి మొదలుపెట్టి ఏడు, పదిహేను, ఇరవై అయిదు గజాల దూరానికి వెళ్తారు. కొత్తవారిలో సర్వసాధారణమైన లోపం, పేలుడు శబ్దాన్ని ముందే ఊహించి చేయి బిగించడం. దీనివల్ల గొట్టం క్రిందికి వంగి తూటా లక్ష్యానికి దిగువన తగులుతుంది. దీనిని మాటలతో చెబితే ఎవరూ నమ్మరు. అందుచేత బోధకుడు విద్యార్థికి తెలియకుండా మ్యాగజైనులో అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటాను కలుపుతాడు. మీట నొక్కినపుడు అది పేలదు, కాని గొట్టం మాత్రం చటుక్కున వంగుతుంది. తన తప్పును విద్యార్థి తన కళ్ళతోనే చూస్తాడు. బోధనా పద్ధతులలో ఇంతకంటె సులువైనది, ఇంతకంటె సూటియైనది అరుదు.

ఆ తరువాత పాఠం క్లిష్టమవుతుంది. తూటాలు అయిపోయినపుడు తిరిగి నింపడం, తుపాకీ మధ్యలో మొరాయించినపుడు సరిచేయడం, ఒక చేయి గాయపడిందని భావించి రెండవ చేతితోనే కాల్చడం, నడుస్తూ కాల్చడం, చీకటిలో టార్చి పట్టుకొని కాల్చడం నేర్పుతారు. చాటుకూ అడ్డుకూ గల భేదాన్ని ప్రత్యేకంగా వివరిస్తారు. పొద, పలుచని గోడ, కారు తలుపు మనిషిని కనబడనీయవు. కాని తూటాను ఆపవు. కారు ఇంజను, లావుపాటి కాంక్రీటు గోడ వంటివి మాత్రమే నిజమైన అడ్డు. కాల్పులు ఆగిన వెంటనే తుపాకీని ఒరలో పెట్టకుండా, తల తిప్పి రెండు ప్రక్కలా చూడాలని కూడా చెబుతారు. ప్రాణభయంలో చూపు సొరంగంలో నుండి చూస్తున్నట్లు కుంచించుకొనిపోతుంది, ప్రక్కనున్నది కనబడదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది కాల్చాలా, వద్దా అన్న నిర్ణయం. ఒకే మనిషి ఫోటో గల రెండు లక్ష్యాలలో ఒకదానిలో అతని చేతిలో పిస్తోలు, మరొకదానిలో సెల్‌ఫోను ఉంటాయి. అది అర క్షణం మాత్రమే కనబడుతుంది. ఇక చివరి మెట్టు మనుషుల మధ్య జరిగే అభ్యాసం. మామూలు తుపాకీలను మార్చి, రంగుమచ్చ వేసే తేలికపాటి గుళ్ళను మాత్రమే పేల్చగలిగేలా చేస్తారు. శిరస్త్రాణం, ముఖకవచం ధరించిన విద్యార్థికి ఎదురుగా కొందరు దొంగలుగానో, కోపంతో ఊగిపోతున్న భర్తగానో, మతిస్థిమితం లేని రోగిగానో నటిస్తారు. మంచి బోధకుడు ఏర్పాటు చేసే సన్నివేశాలలో ఎక్కువ భాగం తుపాకీ పేల్చకుండానే ముగియాలి. ప్రతి సన్నివేశంలోనూ పేల్చడమే సరైన జవాబైతే, విద్యార్థి నేర్చుకొనేది అదే.

అమెరికా న్యాయ గణాంకాల సంస్థ 2018 లెక్కల ప్రకారం కొత్తగా చేరిన పోలీసుకు అకాడమీలో సగటున 833 గంటల శిక్షణ లభించింది. అందులో తుపాకీ శిక్షణ సగటున 73 గంటలు.

రేంజిలో మరొక అపాయం కంటికి కనబడనిది. తూటాలలో సీసం ఉంటుంది. పేలినపుడు అది సన్నని ధూళిగా గాలిలో కలిసి, ఊపిరితో పాటు, చేతుల ద్వారా ఆహారంతో పాటు శరీరంలోకి చేరుతుంది. ఇండోర్ రేంజిలలో రోజంతా గడిపే బోధకులకు ఈ ప్రమాదం మరింత ఎక్కువ. భోజనానికి ముందు చేతులు, ముఖం కడుక్కోవాలనీ, అవే బట్టలతో ఇంటికి వెళ్ళి పసిపిల్లలను ఎత్తుకోరాదనీ తరగతులలో హెచ్చరిస్తారు.

శిక్షణను మార్చిన సంఘటనలు

ఈ సదస్సులలో నేర్పే పాఠాలలో చాలావాటి వెనుక ఒక నిర్దిష్టమైన తేదీ, కొందరి మరణం ఉన్నాయి.

న్యూహాల్ (1970): కాలిఫోర్నియాలోని న్యూహాల్ వద్ద 1970 ఏప్రిల్ 5 అర్ధరాత్రి సమయంలో ఒక కారును ఆపిన నలుగురు హైవే గస్తీ పోలీసులు అయిదు నిమిషాలలోపే ఇద్దరు దుండగుల చేతిలో మరణించారు. నలుగురూ యువకులు. అటుగా పోతున్న ఒక పౌరుడు పడిపోయిన అధికారిని లాగడానికి ప్రయత్నించి, విఫలుడై, అతని తుపాకీ అందుకొని కాల్చాడు. ఈ సంఘటన తరువాత అనుమానితుల వాహనాన్ని ఆపే పద్ధతి సమూలంగా మారింది. రివాల్వరులో ఆరు తూటాలను ఒకేసారి నింపే సాధనం వాడకంలోకి వచ్చింది.

న్యూహాల్ గురించి బోధకులు ఒక కథను దశాబ్దాల పాటు చెబుతూ వచ్చారు. రేంజిలో ఖాళీ గుళ్ళను నేలపై పారవేయకుండా జేబులో వేసుకొనే అలవాటు ఉండేదనీ, మరణించిన అధికారులలో ఒకరి జేబులో ఖాళీ గుళ్ళు దొరికాయనీ, ప్రాణం పోయే వేళ కూడా అతను రేంజి అలవాటునే పాటించాడనీ దాని సారాంశం. 2013లో న్యూహాల్ సంఘటనపై పుస్తకం ప్రచురించిన మైక్ వుడ్, లభ్యమైన ఆధారాలు ఈ కథను బలపరచవని చూపాడు. అయితే కథ నిలవకపోయినా, దాని వల్ల రేంజిలలో గుళ్ళు జేబులో వేసుకొనే అలవాటు పోయింది. అభ్యాసంలో సౌకర్యం కోసం చేసే ప్రతి పనీ ఆపదలో తిరిగి కనబడుతుందన్న హెచ్చరికగా బోధకులు దీనిని ఇప్పటికీ ఉదహరిస్తారు. కాని కథను కథగా, చరిత్రను చరిత్రగా చెప్పడం మంచిది.

మయామి (1986): 1986 ఏప్రిల్ 11న ఫ్లోరిడాలోని మయామి ప్రాంతంలో ఇద్దరు బ్యాంకు దోపిడీదారులకూ ఎనిమిదిమంది ఎఫ్‌బీఐ అధికారులకూ మధ్య కాల్పులు జరిగాయి. ఇద్దరు అధికారులు మరణించారు, అయిదుగురు గాయపడ్డారు. దోపిడీదారులలో ఒకనికి ఆరంభంలోనే తగిలిన ఒక తూటా గుండెను చేరకుండా ఆగిపోయింది. అతను ఆ తరువాత కూడా రైఫిలుతో పోరాడాడు. చేయి ఛిద్రమైన ఎడ్ముండో మిరెలెస్ అనే అధికారి మిగిలిన ఒక్క చేతితో షాట్‌గన్, తరువాత రివాల్వరు పేల్చి పోరు ముగించాడు. ఒంటి చేతి అభ్యాసానికి ప్రాధాన్యం పెరగడానికి ఇదొక కారణం. మరొక ఫలితం తూటాల పరీక్షలో కనబడింది. మానవ కండరాన్ని పోలిన జెలటిన్ దిమ్మెలో తూటా కనీసం 12 అంగుళాలు చొచ్చుకొనిపోవాలని ఎఫ్‌బీఐ ప్రమాణం నిర్ణయించింది. పెద్ద తూటాల వైపు మొగ్గిన అదే సంస్థ, తూటాల తయారీ మెరుగుపడిన తరువాత, 2015 ప్రాంతంలో మళ్ళీ 9 మిల్లీమీటర్ల పిస్తోలుకు తిరిగి వచ్చింది.

నార్త్ హాలీవుడ్ (1997): 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్‌లో ఒక బ్యాంకును దోచిన ఇద్దరు దుండగులు ఒళ్ళంతా కవచాలు ధరించి, ఆటోమేటిక్ రైఫిళ్ళతో సుమారు 44 నిమిషాలు కాల్పులు జరిపారు. పోలీసుల పిస్తోళ్ళు కవచాన్ని ఛేదించలేకపోవడంతో కొందరు దగ్గరలోని తుపాకుల దుకాణం నుండి రైఫిళ్ళు తెచ్చుకొన్నారు. పోలీసులు, పౌరులు పలువురు గాయపడినా, మరణించినది దుండగులిద్దరే. దీని తరువాత మామూలు గస్తీ కారులోనూ రైఫిలు ఉంచడం, దానికి వేరే తరగతులు నిర్వహించడం మొదలయ్యాయి.

కొలంబైన్ (1999), ఉవాల్డే (2022): 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ ఉన్నత పాఠశాలలో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపారు. ఆనాడు 12 మంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు మరణించారు. చుట్టుముట్టి, స్వాట్ దళం వచ్చేవరకు వేచి ఉండడం అప్పటి శిక్షణ. పోలీసులు దానినే పాటించారు. గాయపడిన డేవ్ శాండర్స్ అనే ఉపాధ్యాయుడు ఒక తరగతి గదిలో మూడు గంటలకు పైగా రక్తమోడుతూ ఉండిపోయాడు. విద్యార్థులు తమ చొక్కాలతో గాయాన్ని అదిమిపట్టి, అతని పర్సులోని కుటుంబ ఫోటోలు చూపిస్తూ మాట్లాడించారు. సహాయం అందేసరికి ఆలస్యమైపోయింది. ఆ తరువాత శిక్షణ తలక్రిందులైంది. మొదట వచ్చిన పోలీసులు ఎవరి కోసమూ ఆగకుండా లోపలికి వెళ్ళి దుండగుని ఎదుర్కోవాలన్నది కొత్త నియమం. దీనిని బోధించడానికి 2002లో టెక్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అలెర్ట్ అనే కేంద్రం ఏర్పడింది. 2013లో ఎఫ్‌బీఐ దాని పాఠ్యక్రమాన్ని జాతీయ ప్రమాణంగా స్వీకరించింది.

అదే టెక్సాస్‌లోని ఉవాల్డే పట్టణంలో 2022 మే 24న ఒక దుండగుడు రాబ్ ప్రాథమిక పాఠశాలలో ప్రవేశించాడు. 19 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించారు. శాసనసభ విచారణ సంఘం లెక్క ప్రకారం వివిధ విభాగాలకు చెందిన 376 మంది అధికారులు అక్కడికి వచ్చారు. అయినా తరగతి గదిలోకి వెళ్ళి దుండగుని చంపడానికి 77 నిమిషాలు పట్టింది. లోపలి నుండి పిల్లలు పోలీసులకు ఫోను చేస్తూనే ఉన్నారు. ఆ పాఠశాలల పోలీసు విభాగం అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, ఇటువంటి దాడులను ఎదుర్కోవడంపై శిక్షణ నిర్వహించి ఉన్నది. ధ్రువపత్రం ఉండడం వేరు, పాఠం ఒంటబట్టడం వేరు అన్న సంగతి ఇంత కఠోరంగా మరెక్కడా రుజువు కాలేదు. ఎవరు ఆజ్ఞాపించాలో తెలియకపోవడం, తలుపుకు తాళం వేసి ఉన్నదని భావించి తాళంచెవుల కోసం వెదకడం, ఆగిపోయిన గురిని దాడి ముగిసినట్లుగా తీసుకోవడం ఆనాటి లోపాలలో ముఖ్యమైనవి.

ఇరవై ఒక్క అడుగుల లెక్క

1983లో సాల్ట్ లేక్ సిటీ పోలీసు బోధకుడు డెన్నిస్ ట్యూలర్ ఒక పత్రికా వ్యాసంలో ఒక చిన్న ప్రయోగాన్ని వివరించాడు. కత్తి పట్టుకొన్న మనిషి 21 అడుగుల దూరాన్ని (సుమారు 6.4 మీటర్లు) పరుగున దాటడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఒరలో నుండి పిస్తోలు తీసి కాల్చడానికి కూడా అంతే సమయం పడుతుంది. దూరంగా ఉండు, ఏదైనా అడ్డును మధ్య ఉంచుకో, ముందే జాగ్రత్తపడు అన్నది వ్యాసం ఉద్దేశం. కాని సదస్సు నుండి సదస్సుకు, నోటి నుండి నోటికి మారుతూ ఇది '21 అడుగుల నియమం'గా, అనగా కత్తి ఉన్నవాడు ఆ దూరంలోపు ఉంటే కాల్చవచ్చు అన్న అనుమతిగా రూపాంతరం చెందింది. తాను చెప్పినది నియమం కాదని ట్యూలరే తరువాత స్పష్టం చేశాడు. 2016లో పోలీసు ఉన్నతాధికారుల పరిశోధన వేదిక బలప్రయోగంపై ప్రకటించిన 30 సూత్రాలలో ఈ '21 అడుగుల' ఆలోచనను శిక్షణ నుండి తొలగించాలని సూచించింది. దూరాన్ని, సమయాన్ని పెంచుకోవడమే దానికి ప్రత్యామ్నాయమని పేర్కొంది. చిత్రమేమిటంటే మూల వ్యాసం చెప్పినది కూడా దాదాపు అదే.

న్యాయస్థానాల పాత్ర

శిక్షణలో మార్పులకు తీర్పులు కూడా కారణమయ్యాయి. పారిపోతున్న నేరస్థుని చంపడానికి వీలు కల్పించే పాత నియమాన్ని 1985లో అమెరికా సుప్రీంకోర్టు టెన్నెసీ–గార్నర్ కేసులో కొట్టివేసింది. 1974లో మెంఫిస్ నగరంలో కంచె దూకుతూ కాల్చివేయబడిన ఎడ్వర్డ్ గార్నర్ వయస్సు 15 సంవత్సరాలు. అతని వద్ద ఆయుధం లేదు. 1989 నాటి గ్రాహం–కానర్ తీర్పు, బలప్రయోగాన్ని ఆ క్షణంలో అక్కడ ఉన్న సహేతుకుడైన అధికారి దృష్టితో కొలవాలని నిర్దేశించింది. సదస్సులలో చట్టం గురించి చెప్పే ప్రతి పాఠమూ ఈ రెండింటి చుట్టూ తిరుగుతుంది.

తుపాకీ తరగతిని నేరుగా మార్చినది మాత్రం అంతగా పేరు లేని 1979 నాటి పోపో–మార్గేట్ తీర్పు. న్యూజెర్సీలో ఒక అనుమానితుని తరుముతున్న పోలీసు కాల్చిన తూటా, ఆ గొడవ ఏమిటో చూడడానికి బయటకు వచ్చిన నిరపరాధిని బలిగొంది. కదిలే లక్ష్యాలపై, చీకటిలో, ఇళ్ళ మధ్య కాల్చడంలో శిక్షణ ఇవ్వకపోవడం నగరం బాధ్యత కావచ్చునని ఫెడరల్ న్యాయస్థానం పేర్కొంది. శిక్షణ లోపంలో బుద్ధిపూర్వకమైన ఉపేక్ష ఉంటే నగరపాలక సంస్థ జవాబుదారీ కావలసి ఉంటుందని 1989లో క్యాంటన్–హ్యారిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పగటి వెలుగులో కదలని కాగితంపై కాల్చే పరీక్ష ఒక్కటే చాలదన్న ఎరుక ఈ తీర్పుల వల్ల విస్తరించింది.

శిక్షణలో ప్రమాదాలు

2016 ఆగస్టు 9న ఫ్లోరిడాలోని పుంటా గోర్డాలో పోలీసు శాఖ పౌరుల కోసం ఒక కార్యక్రమం ఏర్పాటు చేసింది. కాల్చాలా వద్దా అన్న నిర్ణయం ఎంత కష్టమో చూపే సన్నివేశంలో పాల్గొనడానికి పదవీ విరమణ చేసిన 73 ఏళ్ళ గ్రంథాలయాధికారిణి ఒకరు ముందుకు వచ్చారు. దొంగ పాత్ర వేసిన పోలీసు తన రివాల్వరులో ఉన్నవి ఉత్తుత్తి తూటాలని భావించి కాల్చాడు. అవి నిజమైనవి. చూస్తున్న భర్త ఎదుటే ఆమె కూలిపోయి మరణించారు. పోలీసు ప్రధానాధికారి 2017లో నిర్దోషిగా విడుదలయ్యాడు. కాల్చిన అధికారికి 2019లో ప్రొబేషను శిక్ష పడింది. అభ్యాస స్థలంలోకి ప్రవేశించే ప్రతివారినీ ఒకరి తరువాత ఒకరు ముగ్గురు తనిఖీ చేయాలనీ, నిజమైన తూటా గాని, దానిని పేల్చగల తుపాకీ గాని అక్కడ ఉండరాదనీ బోధకులు పట్టుపట్టేది ఇందువల్లనే.

విమర్శలు

అన్ని సదస్సులూ ఒక తీరుగా ఉండవు. కొన్ని ప్రైవేటు సంస్థలు ప్రతి మనిషిలోనూ హంతకుని చూడాలన్న ధోరణిని ప్రోత్సహించాయని, పోలీసును రక్షకునిగా కాక యోధునిగా తీర్చిదిద్దాయని విమర్శ ఉన్నది. 2016 జులైలో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లజాతీయుని కారులోనే కాల్చిచంపిన పోలీసు, అంతకు రెండేళ్ళ ముందు ఇటువంటి 'యోధ' తరగతికి హాజరై ఉన్నాడు. కాస్టిల్ ఒక పాఠశాలలో పిల్లలకు భోజనం వడ్డించే విభాగంలో పనిచేసేవాడు. తన వద్ద లైసెన్సు గల తుపాకీ ఉన్నదని తానే ముందుగా చెప్పాడు. పోలీసు 2017లో నిర్దోషిగా విడుదలయ్యాడు. 2019లో మినియాపొలిస్ నగర మేయరు ఈ తరహా శిక్షణను తమ పోలీసులకు నిషేధించగా, పోలీసు సంఘం దానిని ఉచితంగా ఏర్పాటు చేస్తామని ప్రకటించింది.

2021 అక్టోబరులో న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో స్ట్రీట్ కాప్ ట్రైనింగ్ అనే సంస్థ నిర్వహించిన ఆరు రోజుల సదస్సుకు వివిధ రాష్ట్రాల నుండి సుమారు వేయిమంది పోలీసులు హాజరయ్యారు. న్యూజెర్సీ రాష్ట్ర కంప్ట్రోలరు 2023 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, అక్కడ కొందరు వక్తలు రాజ్యాంగ విరుద్ధమైన తనిఖీ పద్ధతులను బోధించారు. స్త్రీలను, అల్పసంఖ్యాకులను కించపరచే వ్యాఖ్యలు వందకు పైగా చేశారు. ఒక్క న్యూజెర్సీ నుండే సుమారు 240 మంది ప్రజాధనంతో వెళ్ళారు. ప్రైవేటు పోలీసు శిక్షణపై ఆ రాష్ట్రంలో సరైన పర్యవేక్షణ లేదన్నది నివేదికలోని ప్రధానాంశం. కాలిఫోర్నియాలో అలమేడా కౌంటీ 2007 నుండి నిర్వహించిన అర్బన్ షీల్డ్ అనే స్వాట్ పోటీలు, ఆయుధ ప్రదర్శన కూడా స్థానికుల నిరసనల మధ్య 2018తో ముగిశాయి.

ఫలితాల కొలత

రేంజిలో నూటికి తొంభై తగిలించేవారు వీధిలో ఎంత తగిలించగలరు? న్యూయార్క్ పోలీసు శాఖ కోసం 2008లో ర్యాండ్ సంస్థ జరిపిన అధ్యయనం ప్రకారం, 1998–2006 మధ్య ఎదురుకాల్పులలో పోలీసులు పేల్చిన తూటాలలో లక్ష్యాన్ని తాకినవి సగటున 18 శాతం మాత్రమే. ఎదుటివారు తిరిగి కాల్చని సందర్భాలలో ఇది 30 శాతం. మిగిలిన తూటాలు గోడలకో, కార్లకో, దారిన పోయేవారికో తగిలి ఉండాలి.

మాటలతో ఉద్రేకాన్ని తగ్గించి, దూరాన్ని, సమయాన్ని సంపాదించే శిక్షణ ఫలితాలను కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలో పరిశీలించారు. ఆ శిక్షణ తరువాత బలప్రయోగ సంఘటనలు 28 శాతం, పౌరులకు గాయాలు 26 శాతం, పోలీసులకు గాయాలు 36 శాతం తగ్గినట్లు 2020లో వెల్లడైంది. పౌరుని కాపాడే శిక్షణ పోలీసు ప్రాణానికి చేటు అన్న వాదన సదస్సులలో తరచుగా వినబడుతుంది. ఈ అంకెలు దానికి అనుకూలంగా లేవు.

భారతదేశంలో

ఐపీఎస్ అధికారులకు శిక్షణనిచ్చే సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1948లో మౌంట్ ఆబూలో ప్రారంభమై, 1975లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆయుధ శిక్షణ, వ్యూహ శిక్షణ అక్కడి పాఠ్యక్రమంలో భాగాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్ ఆధ్వర్యంలో నక్సలైట్లను ఎదుర్కోవడానికి గ్రేహౌండ్స్ దళం ఏర్పడింది. చిన్న బృందాలుగా అడవిలో రోజుల తరబడి నడవడం, ఆయుధంపై పట్టు సాధించడం ఈ దళ శిక్షణలో ముఖ్యాంశాలు. ఇతర రాష్ట్రాల పోలీసులు కూడా ఇక్కడ శిక్షణ పొందారు. వ్యాస్ 1993 జనవరిలో హైదరాబాదులో నక్సలైట్ల కాల్పులలో మరణించాడు. 2008 జూన్ 29న ఒడిషాలోని బలిమెల జలాశయంలో పడవపై తిరిగి వస్తున్న గ్రేహౌండ్స్ బృందంపై కొండల మీది నుండి జరిగిన దాడిలో ముప్పైమందికి పైగా మరణించారు.

ఉగ్రవాద దాడులను ఎదుర్కోవడానికి 2007లో ఆక్టోపస్ దళం ఏర్పడింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ గ్రేహౌండ్స్, ఆక్టోపస్ దళాలు వేరువేరుగా కొనసాగాయి.